బొడ్డూడని సొర: గాల్వెస్టన్ ఒడ్డున వేసవి గాలం

(మే నెలలో హ్యూస్టన్‌లో, ఒడ్డున గాలం పట్టడం కొత్తగా నేర్చుకుంటున్న తెలుగు కుటుంబాల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు కింద కూర్చున్నా పరవాలేదు. వాళ్ళ చేతికిచ్చి చూపించాల్సిన వస్తువులు కొన్ని తెచ్చాను.

వచ్చే శనివారం మనం టెక్సాస్ సముద్ర తీరంలోని గాల్వెస్టన్ వెళ్తున్నాం. "చేపలు సరే అన్నయ్యా, సొర పడుతుందా?" అని పది మంది అడిగారు. పడుతుంది. మే నుంచి సెప్టెంబర్ దాకా ఈ ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గాలం విసిరినా చిన్న సొరలు పడతాయి. పడవ అక్కర్లేదు, పెద్ద ఖర్చూ అక్కర్లేదు. అందుకే వెళ్ళే ముందు ఒక గంట మీతో మాట్లాడాలనుకున్నాను. పట్టడం గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. పడ్డాక ఏం చేయాలన్నదే నేను చెప్పదలచుకున్న సంగతి.

ఎనిమిదేళ్ళ కిందట నా చేతుల్లో ఒక సొరపిల్ల చచ్చిపోయింది. ముందు అది చెప్తాను.

జులై నెల, సర్ఫ్‌సైడ్ ఒడ్డు, సాయంత్రం ఏడు దాటింది. గాలికి అలలు కొంచెం లేస్తున్నాయి. ఉన్నట్టుండి రాడ్ వంగి రీల్ కీచుమంది. అయిదు నిమిషాల్లో ఒడ్డుకి తెచ్చాను. రెండడుగుల పైన ఉంటుంది, వీపు బూడిద రంగు, పొట్ట తెలుపు, రెక్కల కొసలు కాటుక పెట్టినట్టు నలుపు. నా జీవితంలో గాలానికి పడ్డ మొదటి సొర. తోక పట్టుకుని పొడి ఇసుక మీదకి లాక్కొచ్చాను. స్నేహితులం తలా ఒక ఫోటో దిగాం. అది చాలదని కాకినాడలో ఉన్న తమ్ముడికి వీడియో కాల్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లారుతోంది, వాడు నిద్ర కళ్ళతో చూసి ఎగిరి గంతేశాడు. ఇదంతా అయ్యేసరికి పది నిమిషాలు. తర్వాత నీళ్ళలో వదిలితే వెల్లకిలా తిరిగిపోయింది. మళ్ళీ నిలబెట్టాను, మళ్ళీ తిరిగిపోయింది. అల వచ్చి నా కాళ్ళ దగ్గరే పడేసింది.

పక్కన ఒక వియత్నాం పెద్దాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. ఈ తీరంలో చేపల వృత్తిలో వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన లేచి వచ్చి సొరని తిప్పి పట్టుకున్నాడు. పక్క రెక్కలు రెండూ పొట్టకి అతుక్కునే చోట, సరిగ్గా వాటి మధ్యన వేలు పెట్టి చూపించాడు. అక్కడ సన్నటి కోత లాంటిది ఉంది. ఇంకా పూర్తిగా మూసుకోలేదు, అంచులు గులాబి రంగులో ఉన్నాయి. "బేబీ" అన్నాడు. ఆ ఒక్క మాట అని తన కుర్చీ దగ్గరకి వెళ్ళిపోయాడు.

అది బొడ్డండీ. మనం "బొడ్డూడని పిల్ల" అంటాం చూడండి, అక్షరాలా అదే. బొడ్డు మానని పిల్ల. నేను మాత్రం అది చిన్న జాతి సొర, పెరగాల్సినంత పెరిగిందనే అనుకున్నాను.

చాలా చేపలు గుడ్లు పెడతాయి. ఈ ఒడ్డుకి వచ్చే సొరలు మాత్రం ఆవులాగా, మనలాగా పిల్లల్ని కంటాయి. తల్లి కడుపులో పిల్లకి బొడ్డుతాడు ఉంటుంది, దాని ద్వారానే ఆహారం అందుతుంది. పుట్టిన కొన్ని వారాల వరకూ ఆ మచ్చ కనిపిస్తూనే ఉంటుంది. వసంతం చివర్లో, వేసవి మొదట్లో తల్లులు ఒడ్డుకి దగ్గరగా వచ్చి కంటాయి. లోతు తక్కువ, నీళ్ళు వెచ్చన, చిన్న చేపలకి కొదవ లేదు, మింగడానికి వచ్చే పెద్ద సొరలు తక్కువ. అంటే మనం శనివారం గాలం వేయబోయే నీళ్ళు వాటికి పురిటి గది. దయచేసి ఇది మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చెప్తాను. ఇక్కడ రెండు, రెండున్నర అడుగుల సొర పడిందంటే అది దాదాపు ఎదిగిన సొర కావచ్చు, ఈ వేసవిలో పుట్టిన పసిగుడ్డూ కావచ్చు. సైజు ఒకటే, జాతి వేరు.

మొదటిది అట్లాంటిక్ షార్ప్‌నోస్. ఎక్కువగా పడేది ఇదే. మూడడుగులు వచ్చిందంటే ఇది పెద్దదే, ఎంత పెరిగినా మూడున్నర, నాలుగు అడుగుల లోపే ఆగిపోతుంది. రెండు మూడేళ్ళకే ఈడుకొస్తుంది, ఆ తర్వాత ఏటా పిల్లల్ని కంటుంది. పుట్టినప్పుడు పిల్ల అడుగు పొడవుంటుంది.

కోస్తా జిల్లాల వాళ్ళు ఇక్కడ ఎవరున్నారు? చేతులెత్తండి. సరే, మీకోసం ఒక మాట. ఈ షార్ప్‌నోస్ మన పాల సొరకి స్వయానా దాయాది. శాస్త్రవేత్తలు రెండింటినీ ఒకే ప్రజాతిలో పెట్టారు, రైజోప్రియోనోడాన్ అని. మన సముద్రంలోది అక్యూటస్, ఇక్కడిది టెర్రానోవే. ఇక్కడిది చూపిస్తే మా అమ్మ కూడా తేడా చెప్పలేకపోయింది. మా ఊరు ఉప్పాడ దగ్గర. చిన్నప్పుడు తాతయ్య వాళ్ళు ఒడ్డున పెద్ద వల లాగుతుంటే తాడు చివర పట్టుకుని నేనూ లాగేవాణ్ణి. వల సంచి ఒడ్డు చేరగానే వెండి చేపల మధ్యలో బూడిద రంగు పాల సొరలు అటూ ఇటూ మెలికలు తిరిగేవి. వాటిని తట్టల్లో వేరుగా పెట్టేవాళ్ళు, బాలింతలున్న ఇళ్ళ వాళ్ళు వచ్చి అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. గాల్వెస్టన్‌లో మొదటిసారి షార్ప్‌నోస్ చేతిలోకి వచ్చినప్పుడు నాకు మా ఊరి ఒడ్డే కళ్ళ ముందు కనిపించింది.

రెండోది బ్లాక్‌టిప్. నా చేతుల్లో పోయింది ఇదే. పుట్టినప్పుడే 55, 60 సెంటీమీటర్లు, అంటే దగ్గరదగ్గర రెండడుగులు ఉంటుంది. ఈడుకి రావడానికి సుమారు అయిదడుగులు పెరగాలి, దానికి ఏళ్ళు పడుతుంది. పెరిగిన తల్లి కూడా రెండేళ్ళకోసారే కంటుంది, ఒక్కో కాన్పుకి నాలుగైదు పిల్లలు. వాటిలో ఒకటి ఒడ్డున ఇసుకలో పోయిందంటే తల్లి దాన్ని మళ్ళీ తెచ్చుకోవడానికి ఎంత కాలం పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

టెక్సాస్ నిబంధన ఏమంటుందంటే, షార్ప్‌నోస్, బ్లాక్‌టిప్, బానెట్‌హెడ్ అనే పార తల సొర, ఈ మూడు జాతుల్లో దేన్నయినా 24 అంగుళాలు దాటితే ఉంచుకోవచ్చు. మనిషికి రోజుకి ఒక్క సొర. ఉంచుకోనిచ్చే మిగతా జాతులకి 64 అంగుళాలు, పెద్ద సుత్తితల సొరలకి 99 అంగుళాలు ఉండాలి. శాండ్‌బార్, డస్కీ లాంటి కొన్నిటిని ఎంత పెద్దదైనా ఉంచుకోకూడదు. నిబంధనలు మారుతుంటాయి, అందుకని ప్రతి సెప్టెంబర్‌లో కొత్త లైసెన్సు తీసుకునేటప్పుడు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు, అంటే ఇక్కడి వన్యప్రాణి శాఖ వాళ్ళు, ఇచ్చే వివరాలు ఒకసారి చూసుకోండి. పదిహేడేళ్ళు నిండినవాళ్ళందరికీ లైసెన్సు ఉండాలి, దాని మీద ఉప్పునీటి ఎండార్స్‌మెంట్, అంటే సముద్రంలో పట్టడానికి అదనపు అనుమతి, కూడా ఉండాలి.

ఆ 24 అంగుళాల సంగతి చూడండి. 24 అంగుళాలంటే 61 సెంటీమీటర్లు. షార్ప్‌నోస్‌కి అది ఎదిగే వయసు. బ్లాక్‌టిప్‌కి పుట్టి కొన్ని వారాలు. కొలబద్ద పెడితే రెండూ పాసవుతాయి. చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి ఎవరూ మనకి ఫైన్ వేయరు. అయినా బొడ్డు మచ్చ కనిపిస్తున్న పిల్లని ఐస్ పెట్టెలో వేసుకోవడానికి నాకు చెయ్యి రాదు, మీరూ వేయొద్దని అడుగుతున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం ఉంటుంది కదా, చేపలు పెట్టిన గుడ్లు, పిల్లలు బతకాలని. ఇక్కడ రొయ్యలకి అలాంటిదే ఉంది. మే మధ్య నుంచి జులై మధ్య వరకూ టెక్సాస్ ఎదుటి గల్ఫ్‌లో రొయ్యల వల వేయకూడదు. ఒడ్డున గాలానికి పడే సొరపిల్లకి మాత్రం ఆ విరామం లేదు. గాలం పట్టుకున్నవాళ్ళే ఇవ్వాలి.

మరి పోల్చుకోవడం ఎలా? ఈ బొమ్మలు పిల్లలకి అటు అందించండి. షార్ప్‌నోస్ ఒంటి మీద విభూతి చల్లినట్టు తెల్లటి చుక్కలు చెదురుగా ఉంటాయి. మరీ పిల్లల్లో సరిగ్గా కనబడకపోవచ్చు, పెద్దవాటిలో బాగా తెలుస్తాయి. నోటి మూలల్లో రెండు పొడుగాటి గాడులు ఉంటాయి, మనకి నవ్వితే బుగ్గ మీద గీత పడుతుందే, అలాగ. బ్లాక్‌టిప్‌కి చుక్కలుండవు, రెక్కల కొసలు నలుపు. దానికో జంట ఉంది, స్పిన్నర్ అని, అచ్చం అలాగే ఉంటుంది. తోకకి ముందు, పొట్ట కింద ఉండే చిన్న రెక్క చూడండి. అది తెల్లగా ఉంటే బ్లాక్‌టిప్, దాని కొస కూడా నల్లబడి ఉంటే స్పిన్నర్ అనుకోవచ్చు. స్పిన్నర్‌కి 64 అంగుళాల నిబంధన వర్తిస్తుంది, కాబట్టి చిన్నది పడితే వదలాల్సిందే. మొద్దు ముక్కు, గుండ్రటి తల, చిన్న కళ్ళు ఉంటే బుల్ షార్క్ పిల్ల. దాన్నీ వదిలేయాలి. ఏదో తేల్చుకోలేకపోతే వదిలేయండి. అనుమానం ఉన్నప్పుడు నేను ఇప్పటికీ వదిలేస్తాను.

బానెట్‌హెడ్‌ని పోల్చుకోవడానికి చిన్నపిల్లలు చాలు. తల పార ఆకారంలో ఉంటుంది. సుత్తితల సొరల్లో బాగా చిన్న జాతి, మూడు నాలుగడుగులు. పీతలంటే ప్రాణం. దీని గురించి ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేను. 2001లో నెబ్రాస్కాలో, ఓమహా ఊళ్ళోని జూలో, మగ సొర జాడే లేని తొట్టిలో ఒక బానెట్‌హెడ్ ఈనింది. పరీక్షలు చేసి, పిల్లకి తండ్రి వైపు జన్యువులే లేవని 2007లో ప్రకటించారు. సొరల్లో అలా జరుగుతుందని మొదట తేలింది ఆ పిల్లతోనే.

ఇక ఒడ్డు దగ్గరకి వద్దాం. గాల్వెస్టన్ నీళ్ళు చూసి నిరుత్సాహపడకండి. గోదారి కలిసే చోట మన సముద్రం ఎలా ఉంటుందో ఇక్కడా అదే రంగు, మట్టి నీళ్ళు. గాలి తగ్గి రెండు రోజులు ప్రశాంతంగా ఉంటే ఆకుపచ్చగా తేటపడుతుంది. ఆ రోజు సొరలు బాగా దగ్గరకొస్తాయి. పోటు పాట్లు ఇక్కడ అడుగు, రెండడుగులకి మించవు, అందుకని ఆటుపోట్ల పట్టిక కంటే గాలే ముఖ్యం. నాచు, అంటే సర్గాసమ్, గుట్టలుగా కొట్టుకొస్తే మాత్రం ఆ రోజు గాలం చుట్టేసుకోండి. దారం మీద నాచు వేలాడుతుంటే సొర పడిందో లేదో కూడా తెలియదు.

ఒడ్డు నుంచి లోపలికి వెళ్తుంటే ఇసుక మెట్టలు వరసగా ఉంటాయి. మెట్టకీ మెట్టకీ మధ్య గాడి. మొదటి గాడి నడుము లోతు ఉండొచ్చు, రెండోది ఇంకా లోతు. అలలు ఎక్కడ విరుగుతున్నాయో చూడండి, అది మెట్ట. విరగకుండా నల్లగా సాగుతున్న చోటు గాడి. సొర ఆ గాడి వెంటే, రోడ్డు పట్టుకుని నడిచినట్టు, ఒడ్డుకి సమాంతరంగా తిరుగుతుంది. సంధ్యవేళల్లో మొదటి గాడిలోకి కూడా వస్తుంది. కొత్తవాళ్ళు ఎంత దూరం విసిరితే అంత మంచిదనుకుంటారు, చాలాసార్లు చేప వాళ్ళ సీసం గుండు పడిన చోటుకి ఇవతలే ఉంటుంది.

ఎర తాజాగా ఉండాలి. మలెట్ చేప ఒడ్డు పక్కనే గుంపులుగా తిరుగుతుంది, విసురు వలతో తెల్లారుజామున పట్టి రెండంగుళాల ముక్కలుగా కోసుకుంటే దానికి మించిన ఎర లేదు. నెత్తురు కారుతూ ఉండాలి. బానెట్‌హెడ్ కావాలంటే పీత ముక్క. ఫ్రీజర్‌లో నెలల తరబడి మగ్గిన రొయ్య పెడితే జెల్లలు పట్టుకుపోతాయి. ఇక్కడి హార్డ్‌హెడ్ జెల్లకి వీపు మీద, రెండు పక్కలా విషపు ముల్లుంటుంది. పిల్లల్ని దాని దగ్గరకి రానివ్వకండి.

రాడ్ ఎనిమిది నుంచి పది అడుగులు. రీల్ మీద 30 పౌండ్ల దారం ఒక 250 గజాలు ఉంటే ఈ సైజు సొరకి సరిపోతుంది. కాళ్ళున్న సీసం గుండు ఇదిగో, ఇసుకలో పాతుకుని అలకి కదలదు. గాలానికి ముందు అడుగున్నర స్టీలు తీగ తప్పనిసరి. సొర పళ్ళే కాదు, తోలు కూడా నైలాన్ దారాన్ని తెగ్గోస్తుంది. తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉంటుంది, తోక నుంచి తల వైపు నిమిరితే గరుకు కాగితం.

ఇప్పుడు ఇది చూడండి. చేతుల్లోకి తీసుకోండి, మొన లోపలికి తిరిగి ఉంది, గుచ్చుకోదు. దీన్ని సర్కిల్ హుక్ అంటారు. టెక్సాస్‌లో సొరకి ఇదే వాడాలని నిబంధన. స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, మొన పక్కకి వంగి ఉండకూడదు. మామూలు గాలం చేప మింగితే గొంతులోనో పేగులోనో దిగుతుంది. ఇది మింగినా సొర వెనక్కి తిరిగి వెళ్ళేటప్పుడు బయటకి జారుతూ వచ్చి దవడ మూలకి తగులుకుంటుంది. దానికి మీరు చేయాల్సింది ఒకటే. లాగొద్దు. ఊళ్ళో బెండు మునగ్గానే చటుక్కున లాగే అలవాటు మన చేతులకి ఉంది. ఇక్కడ అలా లాగితే నోట్లోంచి ఊడి వస్తుంది. రాడ్ వంగనివ్వండి, బరువు తెలిశాక నెమ్మదిగా రీల్ చుట్టండి. స్టెయిన్‌లెస్ ఎందుకు వద్దంటే, దారం తెగినా మామూలు ఇనుము తుప్పు పట్టి కొన్నాళ్ళకి రాలిపోతుంది. నేనింకో పని కూడా చేస్తాను, గాలం మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని ప్లయర్‌తో నొక్కేస్తాను. దానివల్ల తప్పించుకుపోయినవి నాకు గుర్తున్నంతలో ఒకటో రెండో.

సొర పడ్డాక ఏం చేయాలో ఇప్పుడు చెప్తాను. నేను రాసుకొచ్చిన కాగితంలో దీనికి కేటాయించిన టైమ్ తక్కువే, అయినా తొందరపడను.

చాలా చేపలు నిలబడ్డ చోటే మొప్పలు ఆడించి ఊపిరి తీసుకుంటాయి. ఈ సొరలకి నీళ్ళు నోట్లోంచి లోపలికి పారుతూ ఉండాలి, అంటే ఈదుతూ ఉండాలి. పెనుగులాడుతున్నప్పుడు మనం పరుగెత్తి ఆయాసపడ్డట్టు దాని ఒంట్లో ఆమ్లం పేరుకుంటుంది. పైగా వేసవి నీళ్ళు. నీళ్ళు ఎంత వేడెక్కితే అంత తక్కువ ప్రాణవాయువు పట్టుకోగలవు. అలసి, ఊపిరాడక వచ్చిన ప్రాణిని మనం ఇసుక మీదకి లాగుతాం. సొరకి పక్కటెముకలుండవండీ. నీళ్ళలో ఉన్నంతసేపూ నీళ్ళే దాన్ని మోస్తాయి. బయటకి తీస్తే దాని బరువే దాని పొట్టలోని అవయవాల మీద పడుతుంది. తోక పట్టుకుని వేలాడదీస్తే వెన్ను సాగి దెబ్బతింటుంది. బ్లాక్‌టిప్‌లూ సుత్తితల సొరలూ మరీ సున్నితం, బాగా అలసిపోతే వదిలాక కూడా బతకకపోవచ్చు. ఆ రోజు నేను చేసిన ప్రతి పనీ తప్పే. ఒక్కటీ తెలియదు నాకు.

అందుకని సొరని ఎండ ఇసుక మీదకి తీసుకురాకండి. మీరే మోకాలి లోతు దాకా వెళ్ళండి. ఒకరు రాడ్ పట్టుకుంటారు, ఒకరు వెనక నుంచి వచ్చి ఒక చెయ్యి తోక మొదట్లో, రెండో చెయ్యి పక్క రెక్కల వెనక పొట్ట కింద పెట్టి ఎత్తకుండా పట్టుకుంటారు. తల మీ వైపు ఉండకూడదు. షార్ప్‌నోస్ పాములా మెలిక తిరిగి తన తోకనే అందుకోగలదు, మీ మణికట్టు దానికి దగ్గరే. మూడో మనిషి ప్లయర్‌తో గాలం తిప్పి తీస్తాడు. రాకపోతే పాకులాడొద్దు, తీగని నోటి దగ్గరగా కత్తిరించేయండి. ఫోటో కావాలా, నీళ్ళలో ఉండగానే తీసుకోండి. మొత్తం నిమిషంలో అయిపోవాలి. తర్వాత తల అలకి ఎదురుగా పెట్టి, దాంతో పాటు నాలుగడుగులు ముందుకి నడవండి. నీళ్ళు నోట్లోంచి పారడం మొదలవగానే మీ అరచేతిలో ఒక వణుకు తెలుస్తుంది. ముందు సన్నగా, తర్వాత ఒంటి పొడుగునా. ఆ తర్వాత తోకతో ఒక్క విసురు. మీ ముఖం మీద ఉప్పునీళ్ళు పడతాయి, చేతులు ఖాళీ. ఆ వణుకు కోసమే నేను ప్రతి వేసవీ వెళ్తుంటాను.

జనం స్నానాలు చేస్తున్న చోట సొర కోసం గాలం వేయకండి. తెల్లారుజామునో, సాయంత్రం జనం వెళ్ళాకో వేసుకుందాం. నీళ్ళలో నడిచేటప్పుడు కాలు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవండి. ఇసుకలో టేకు చేప పడుకుని ఉంటుంది, తొక్కితే తోకముల్లు దింపుతుంది, ఈడిస్తే అలికిడికి తప్పుకుంటుంది. ద్వీపం పడమటి కొసన ఉన్న శాన్ లూయిస్ పాస్ దగ్గర ఎవరూ నీళ్ళలో దిగొద్దు. పైకి ప్రశాంతంగా కనిపించినా అక్కడి ప్రవాహం మనుషుల్ని లాక్కుపోతుంది. అక్కడ చాలామంది పోయారు. ఈత వచ్చినవాళ్ళకి కూడా ఇదే చెప్తున్నాను.

ఇంకొకటి, మన ఇళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు ఎక్కువ కాబట్టి చెప్తున్నాను. వేసవిలో వెచ్చటి ఉప్పునీళ్ళలో విబ్రియో అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. మామూలుగా ఏమీ చేయదు. షుగరో, లివర్ జబ్బో ఉన్నవాళ్ళకి కాలి మీద పుండు ఉంటే దాని ద్వారా లోపలికెళ్ళి గంటల్లో ప్రాణం మీదకి తెస్తుంది. పుండు ఉన్నవాళ్ళు ఒడ్డునే కూర్చోండి. ముల్లు గుచ్చుకుంటే మంచినీళ్ళతో, సబ్బుతో కడగండి. ఎర్రబడి వాచితే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళి, సముద్రపు నీళ్ళు తగిలాయని డాక్టర్‌కి మీరే చెప్పండి.

ఇప్పుడు మీరు అడగండి.

(ఒక మహిళ: పాల సొర పిడుపు బాలింతలకి మంచిదంటారు కదా. ఈ షార్ప్‌నోస్‌తో చేసుకోవచ్చా?)

ఈ ప్రశ్న వస్తుందనుకున్నానమ్మా. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మ ఇక్కడికొచ్చింది. వచ్చిన వారానికే "కోడలికి సొర పిడుపు పెట్టాలిరా" అంది. పాలు పడతాయని మన తీరమంతా నమ్మకం. అసలు ఆ సొరకి ఇంగ్లీషులో మిల్క్ షార్క్ అని పేరొచ్చిందే మన దేశంలో ఉన్న ఈ నమ్మకం వల్ల అంటారు. నేను వెళ్ళి 33 అంగుళాల షార్ప్‌నోస్ తెచ్చాను. వంటకి పెట్టేలోపు నా భార్య ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం తీసి చూపించింది. సొరలు పెద్ద చేపల్నీ చిన్న చేపల్నీ తిని బతుకుతాయి కాబట్టి వాటి మాంసంలో పాదరసం ఎక్కువ చేరుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినకూడని చేపల జాబితాలో ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సొరని పెట్టింది. అమ్మకి మొదట మింగుడుపడలేదు. "మీ అందరినీ కన్నప్పుడు నేను తిన్నది అదే కదరా" అంది. ఆమె తప్పేమీ లేదు, ఆ రోజుల్లో ఎవరికీ తెలిసిన సంగతి కాదది. చివరికి తనే దారి కనిపెట్టింది. ఆ సొర పిడుపు తనూ నేనూ తిన్నాం. కోడలికి పాదరసం తక్కువుండే వేరే చేపని ఉడికించి, అదే వెల్లుల్లి, అదే అల్లం, అదే చేత్తో పొడిపొడిగా వేయించి పెట్టింది. కాబట్టి పెద్దవాళ్ళు ఎప్పుడైనా తినొచ్చు. బాలింతలకీ పిల్లలకీ వద్దు.

తినేవాళ్ళకి ఒక మాట. సొర ఒంట్లో యూరియా ఉంటుంది, సముద్రపు ఉప్పుని తట్టుకోవడానికి. చచ్చాక అది అమ్మోనియాగా మారుతుంది. ఉంచుకుందామని తేల్చుకున్న మరుక్షణం నెత్తురు పోనిచ్చి, పొట్ట శుభ్రం చేసి ఐస్‌లో పెట్టండి. తల, తోక ఇంటికొచ్చేదాకా తీయొద్దు. గంట ఆలస్యమైతే ఇల్లంతా వాసన. ఇంటికి తెచ్చాక పసుపు వేసి ఉడికించి, గరుకు తోలు వలిచి, నీళ్ళు గట్టిగా పిండేస్తారు కదా, మన వాళ్ళు ఎప్పుడో కనిపెట్టిన ఆ పద్ధతి ఈ వాసన సంగతి తెలిసే పెట్టారనిపిస్తుంది నాకు.

(ఒక బాబు: అంకుల్, సొరపిల్లకి వాళ్ళ అమ్మ ఉంటుందా అక్కడ?)

ఉండదు నాన్నా. కన్న వెంటనే తల్లి వెళ్ళిపోతుంది. పుట్టిన రోజు నుంచి దాని తిండి అదే వెతుక్కుంటుంది. నువ్వు వదిలిపెట్టిన సొర మళ్ళీ ఆ గాడిలోకే వెళ్తుంది, శీతాకాలం వచ్చేదాకా ఆ చుట్టుపక్కలే తిరిగి, నీళ్ళు చల్లబడ్డాక లోతుకి పోతుంది.

(అదే బాబు: బొడ్డు నేను ముట్టుకోవచ్చా?)

చూద్దువుగాని. నీళ్ళలో ఉండగా మీ నాన్న పట్టుకుంటే కొద్దిగా పక్కకి వంచి చూపిస్తాను. ముట్టుకోవద్దు, అది దానికి ఇంకా పచ్చి పుండు లాంటిది.

సరే, శనివారం తెల్లారుజామున నాలుగుకి బయల్దేరదాం, ఆరుకల్లా ఒడ్డున ఉండాలి. విసురు వల, కొలబద్ద నేను తెస్తాను. ప్రతి కుటుంబం ఒక పొడుగు మూతి ప్లయర్, ఒక తీగ కత్తెర తెచ్చుకోండి. అవి లేనివాళ్ళకి గాలం ఇవ్వను. ముల్లు నొక్కిన సర్కిల్ హుక్‌లు ఈ డబ్బాలో ఉన్నాయి, వెళ్ళేటప్పుడు తలా మూడు తీసుకోండి.